పొత్తిగుడ్డ తడిసిన వేళ



ఒక జనవరి మాసములో అరకులోయకు ఎగువనున్న చిన్న గ్రామములో కుటుంబ ప్రార్థనకు వెళ్ళాము. పాట సాగుతుండగా ఒక తల్లి వీపున కట్టుకొన్న పసిబిడ్డ సన్నగా మూలిగింది. మధ్యలో లేస్తే పెద్దలు ఏమనుకొంటారోనని ఆమె కదలలేదు. ఆమేన్ అన్న తరువాత బిడ్డను దించి చూస్తే, గుడ్డ తడిసి ఎంతసేపైనదో, తల్లి రవిక కూడ తడిసియున్నది. బిడ్డ పాదాలు మంచుముక్కలు. పొట్ట తాకితే అదీ చల్లగానే ఉన్నది. ఆ ఇంటి ముసలమ్మ ఎవరినీ ఏమీ అడుగలేదు. తడిగుడ్డ లాగివేసి, బిడ్డ ఒళ్ళు తుడిచి, తల్లి రొమ్ముకు ఒంటికి ఒళ్ళు తగిలేలా ఆనించి, పైన దుప్పటి కప్పింది. చాలాసేపటికి బిడ్డ పాలు పట్టింది. అంతవరకు మాలో ఎవరికీ నోట మాట రాలేదు.

మరియ తన కుమారుని పొత్తిగుడ్డలతో చుట్టిన సంగతి లూకా సువార్త 2వ అధ్యాయములో ప్రతి క్రిస్మస్‌కు చదువుకొంటాము. ఆ గుడ్డలు తడిసినప్పుడు ఎవరో ఒకరు మార్చియుండాలి, ఉతికియుండాలి గదా! దానిమీద ప్రసంగము మాత్రం మేమింతవరకు వినలేదు.

అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్నది. డిసెంబరు, జనవరి రాత్రులలో చలి 10 డిగ్రీలకంటె దిగువకు పోతుంది. పసిబిడ్డ ఒంటివేడి 36.5 నుండి 37.5 డిగ్రీల మధ్య ఉండవలెను. తడిగుడ్డ ఆ వేడిని లాగివేస్తుంది. పాదాలు చల్లబడి పొట్ట వెచ్చగా ఉంటే చలి పట్టుకొంటున్నదని గుర్తు. రెండూ చల్లబడితే ప్రమాదము. అట్టి బిడ్డ గట్టిగా ఏడ్వదు, పాలు అడుగదు. హాయిగా నిద్రపోతున్నదని మనము మోసపోతాము. ముసలమ్మ చేసిన పనినే 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరములోని వైద్యులు నెలలు నిండని బిడ్డలకు ఆసుపత్రిలో ప్రారంభించారు. కంగారూ పద్ధతి అని దానికి పేరు. వెచ్చగా ఉంటుందని బిడ్డను పొయ్యి ప్రక్కన పడుకోబెట్టవద్దు. పొగ, నిప్పురవ్వ రెండూ చెరుపే.

గుడ్డ నూలుదై ఉండాలి. ఒక పాత నూలు చీర చింపితే పది గుడ్డలౌతాయి. ఇప్పుడు సంతలో దొరికే చీరలు చాలావరకు పాలియెస్టరువి. అవి నీరు పీల్చవు, బిడ్డ తొడలు ఒరుస్తాయి. అమ్మమ్మ పంచిన పాత చీరను అందుకే దాచుకోండి. వానకాలములో మూడు రోజులైనా గుడ్డ ఆరదు గనుక రెండు డజన్లైనా సిద్ధముగా ఉండాలి. ఎండ కాసిన రోజున తప్పక ఎండలో వేయండి.

మార్చేటప్పుడు ముందునుండి వెనుకకు తుడవాలి. ఆడబిడ్డ విషయములో ఇది మరీ ముఖ్యము. ఎర్రగా ఒరిసినచోట కొంతసేపు గాలి తగలనిచ్చి కొబ్బరినూనె రాస్తే చాలు, పౌడరు వద్దు.

గుడ్డలు లెక్కపెట్టుట కూడ నేర్చుకోండి. ఆరో రోజు దాటిన బిడ్డ రోజుకు ఆరు గుడ్డలైనా తడిపితే తల్లిపాలు సరిపోతున్నట్టే. విరేచనాలు పట్టుకొని, గుడ్డ ఆరు గంటలు పొడిగానే ఉంటే ఆలస్యము చేయక ఆశా కార్యకర్తకు కబురు చేయండి. పాలు మాన్పవద్దు. రెండు నెలలలోపు బిడ్డయైతే నేరుగా ఆసుపత్రికే.

పసిబిడ్డ మలము మంచిదేనని మన ప్రాంతములో ఒక మాట ఉన్నది. అది నిజము కాదు. దానిలోని క్రిములే ఇంటిల్లిపాదికీ విరేచనాలు తెస్తాయి. మలమును దొడ్డిగుంటలో వేయాలి. ఊటలోగాని, క్రింది ఊరివారు త్రాగే గెడ్డలోగాని గుడ్డలు ఉతకరాదు. నీళ్ళు తోడుకొని దూరముగా ఉతకండి. తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనండి.

ఇప్పుడు కొండ మీది కొట్లలోనూ డైపర్లు వచ్చాయి. డోలీలో, బస్సులో ప్రయాణమునకు ఉపకారమే, మేము కాదనము. కాని ఖరీదని ఒక్కదాన్నే పగలంతా ఉంచితే తొడలు పుండ్లౌతాయి. వాడినది గెడ్డలో పారవేస్తే ప్లాస్టిక్ కుళ్ళదు.

సంఘ పెద్దలకు ఒక మనవి. మందిరములో వెనుక ఒక మూల చాప, నాలుగు పొడిగుడ్డలు ఉంచండి. తల్లి లేచి వెళ్తే ఎవరూ తిరిగి చూడకండి.

మరునాటి ఉదయము మేము బయలుదేరే వేళకు ఆ బిడ్డ తండ్రి గుడ్డలు పిండి దండెము మీద వేస్తున్నాడు. ప్రక్కింటివారు నవ్వుతున్నారు. అతడు తాపీగా రెండవ దండెము కట్టుకొంటున్నాడు.