తేలికదనమే బలం: లోటస్ ఎలీజ్
వేగానికి ఇంజను శక్తి ఒక్కటే మూలమని పలువురి భావన. బరువు తగ్గించడమూ అందుకు మార్గమేనని లోటస్ వ్యవస్థాపకుడు కోలిన్ చాప్‌మన్ విశ్వసించాడు. 1982లో ఆయన మరణానంతరం ఒడుదుడుకులకు లోనైన ఆ ఆంగ్ల సంస్థకు, 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఆవిష్కృతమైన 'ఎలీజ్' కారు తిరిగి ప్రాణం పోసింది.

అల్యూమినియం భాగాలను వెల్డింగుకు బదులు ఎపాక్సీ జిగురుతో అతికించి చట్రాన్ని నిర్మించారు. దాని బరువు సుమారు 68 కిలోలు మాత్రమే! తొలి నమూనా మొత్తం బరువు 750 కిలోలకు లోపే. ఇంజనును ఆసనాలకు వెనుక, వెనుక ఇరుసుకు ముందు అమర్చారు. తత్ఫలితంగా భారం మధ్యభాగానికి చేరి, మలుపులలో వాహనం చురుకుగా తిరిగేది. 118 అశ్వశక్తి గల ఇంజనే దానికి చాలింది.

కాలక్రమాన భద్రతా నిబంధనలు, సౌకర్యాలు చేరి బరువు పెరిగింది. 2021లో ఉత్పత్తి ముగిసింది. తేలికదనాన్ని సాధించడం కన్న నిలుపుకోవడమే కష్టమని విద్యార్థులు దీనివల్ల గ్రహించవచ్చు.