పెద్దమనిషి చరిత్రలో కూలోడి పద్దు

మన దగ్గర ఏ పెద్దమనిషికి సన్మానం జరిగినా మూడు మాటలు వినబడతాయి: ఆదర్శ రైతు, పారిశ్రామికవేత్త, సమాజసేవకుడు. ఈ మూడు మెట్లూ ఎవరి భుజాల మీదుగా ఎక్కారో దండలు వేసేవాళ్లు చెప్పరు. హుజూర్‌నగర్ ప్రాంత కూలి జనం ఆ పద్దు తామే రాసుకోవాలి.

ఈ బాటలో తెలుగునాట బాగా పేరు మోసిన వ్యక్తి తణుకుకు చెందిన ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ (1921–2011). భూములున్న కుటుంబంలో పుట్టి, 1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపకుల్లో ఒకరయ్యారు. చక్కెరతో మొదలైన కంపెనీ రసాయనాల దాకా, ఇస్రో రాకెట్ల ఇంధనం దాకా ఎదిగింది. తణుకులో ఆసుపత్రి, పాలిటెక్నిక్ వెలిశాయి. జనం ఆయన్ని ‘ఆంధ్రా బిర్లా’ అన్నారు. ఆయన తెలివినీ పట్టుదలనూ మేము కాదనం. అయితే గోదావరి డెల్టా భూములకు విలువ తెచ్చింది 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. ఆ రాళ్లు మోసింది కూలీలు. మిల్లుకు చేరిన చెరుకు నరికిందీ కూలీలే.

అదే కథ మన దగ్గర నూరేళ్లు ఆలస్యంగా నడిచింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కొండంత రాతికట్టడాన్ని తట్టలతో, భుజాలతో లేపింది పేదజనం. ఎడమకాలువ కింద హుజూర్‌నగర్, మిర్యాలగూడ చెలకలు వరిపొలాలయ్యాయి. నీళ్లు అందరి సొమ్ముతో వచ్చినయి. కానీ ఎక్కువ భూమి ఉన్నోడికి ఎక్కువ పారినయి, భూమి లేనోడికి నాట్లు, కోతలే మిగిలినయి. వడ్ల మీద మిగిలిన డబ్బు రైసుమిల్లులకు దారి చూపింది. ఇదీ మొదటి మెట్టు.

రెండో మెట్టు రాయి. మట్టంపల్లి, మేళ్లచెరువు చుట్టుపక్కల భూమి కింద ఉన్నది సున్నపురాయి. 1979లో నాగార్జునా సిమెంట్స్ (నేటి ఎన్‌సిఎల్), 1981లో సాగర్ సిమెంట్స్ కంపెనీలు ఏర్పడి, మట్టంపల్లి ప్రాంతంలో ఫ్యాక్టరీలు కట్టాయి. 1982లో కేంద్రం సిమెంటు ధరల అదుపును సగం సడలించింది, 1989లో పూర్తిగా ఎత్తేసింది. దాంతో లాభాలకు అడ్డు తొలగింది. ఒక టన్ను క్లింకరుకు సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. రాయి తవ్వాలంటే సర్కారు లీజు కావాలి. యంత్రం యజమానిదే కావచ్చు, లీజు ఇచ్చింది ప్రజల సర్కారు, దుమ్ము మింగేది ఊరు.

ఇక మూడో మెట్టు సేవ. ‘దొర దవాఖాన కట్టిచ్చిండు, బోరు ఏయించిండు’ అని మనమే మురిసిపోతాం. చట్టం ఏం చెబుతున్నదో చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి 5 కోట్లు, అంతకు పైన నికర లాభం వచ్చే కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. 2015లో సవరించిన ఖనిజ చట్టం ప్రతి గని జిల్లాకూ ఒక ఖనిజ నిధి పెట్టమన్నది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులపై రాయల్టీకి అదనంగా 30 శాతం అందులో జమ కావాలి. 2014లో నిర్ణయించిన రేటు ప్రకారం మామూలు సున్నపురాయికి టన్నుకు 80 రూపాయల రాయల్టీ. అంటే టన్నుకు 24 రూపాయలు ఆ నిధికి రావాలి. తాగునీరు, వైద్యం, చదువు, కాలుష్య నివారణకే దాన్ని ముందుగా వాడాలి. చట్టం కింద వచ్చే సొమ్ము దానం కాదు, బాకీ.

కాబట్టి సన్మానసభకు పోయి చప్పట్లు కొట్టేకన్నా గ్రామసభకు పోయి మూడు ప్రశ్నలడగడం మేలు. మన గనుల మీద నిధికి ఎంత జమైంది? మన ఊరికి ఎంత వచ్చింది? కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ఇచ్చేదెవరు? మూడోదానికి జవాబు 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలోనే ఉన్నది: అసలు యాజమాన్యమే ఇవ్వాలి. 2025 నవంబర్ 21న వచ్చిన లేబర్ కోడ్‌లు కూడా ఆ బాధ్యతను ఉంచాయి.

పరిశ్రమలు రావాలి, మన పిల్లలకు పనులు దొరకాలి. కానీ నీళ్లలో, రాయిలో, లాభంలో మన వాటా ఉన్నదని గుర్తు పెట్టుకున్న ఊరే ఆ వాటాను అడిగి తెచ్చుకుంటది.