వెనక్కి పిలిచిన మందు మీ గూట్లోనే ఉందా?

2025 అక్టోబరులో ఒకరోజు సోమందేపల్లి తల్లి ఒకామె ఓ.పి.లో నా బల్ల మీద దగ్గుమందు సీసా పెట్టింది. "టీవీలో చెప్తాండారే, ఇదేనా సార్ ఆ మందు? మూడు దినాలుగా బిడ్డకు తాపిస్తాండా" అంది. మందు కారి సీసా మీది చీటీ సగం ఊడిపోయింది. బ్యాచ్ నంబరు కనపడలేదు. "బిల్లేదమ్మా?" అంటే, "యాడ బిల్లు సార్, కాగితంలో చుట్టిచ్చినారు" అంది.

మిగిలిన చీటీని బట్టి అది వేరే మందు. పిల్లవాడు మూత్రం బాగానే పోస్తున్నాడు. ఆమె ధైర్యంగా వెళ్లింది గాని, నాకే మనసు కుదుటపడలేదు.

ఆమె భయానికి కారణముంది. ఆ రోజుల్లోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 'కోల్డ్‌రిఫ్' అనే దగ్గుమందు తాగి ఇరవైమందికి పైగా పసివాళ్లు మూత్రపిండాలు చెడి చనిపోయారు. తమిళనాడులో తయారైన ఎస్.ఆర్.-13 బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్టు పరీక్షలో తేలింది. హద్దు 0.1 శాతం! తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా ఆ బ్యాచ్ వాడవద్దని హెచ్చరించింది. దుకాణంలో ఉన్న సరుకును ఆపవచ్చు. అప్పటికే కొనుక్కుపోయిన సీసా ఏ ఇంటి గూట్లో ఉందో ఎవరికి తెలుసు?

మా పక్కనే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతాయి. 2022లో ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగు తనిఖీ కోసం 44,174 క్యారెన్స్ కార్లను వెనక్కి పిలిచింది. కారుకు రిజిస్ట్రేషన్ ఉంటుంది కాబట్టి యజమానికి నేరుగా కబురు పంపవచ్చు. పసిబిడ్డ నోట్లో పోసే మందుకు ఆ భాగ్యం లేదు.

చట్టం లేదని కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోమని ఆదేశించవచ్చు. బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. కాని జాతరలో కొన్న ప్లాస్టిక్ బొమ్మ మీద తయారుచేసినవాడి పేరే ఉండదు. ఇక వెనక్కి పిలిచేదెవరు?

అమెరికాలోనూ ఇదే లోపం ఒక ప్రాణం తీసింది. 1998లో షికాగోలో డానీ కీసార్ అనే పసివాడు మడత ఉయ్యాల మంచం కూలి, మెడ ఇరుక్కుని చనిపోయాడు. ఆ మంచాన్ని అయిదేళ్ల ముందే, 1993లో, వెనక్కి పిలిచారు. పిల్లవాణ్ణి చూసుకునే ఆమెకు ఆ సంగతి తెలియదు. తల్లిదండ్రుల పోరాటం తర్వాత 2008లో చట్టం వచ్చింది. ఉయ్యాలలు, తోపుడు బండ్లు వంటివాటితో పాటు తయారీదారు స్టాంపు ఖర్చు తానే భరించి ఒక కార్డు ఇవ్వాలి. కొన్నవారు చిరునామా రాసి పంపితే, ప్రమాదం తెలిసినప్పుడు ఉత్తరం వారింటికే వస్తుంది. మనకు కార్డు కూడా అక్కర్లేదు. చేతిలో సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. పిల్లల మందు, పిల్లల సామాను అమ్మేటప్పుడు బిల్లుతో పాటు ఫోను నంబరు రాసుకోవాలని చట్టంలో చేర్చడం అంత కష్టమా?

అది వచ్చేదాకా బిల్లు అడగండి. ఇవ్వననడం 2019 చట్టం ప్రకారమే తప్పు. 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. మందు అయిపోయినా బిడ్డకు నయమయ్యేదాకా సీసా, చీటీ పారేయకండి. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గుమందే వద్దు. చాలా దగ్గులు వాటంతటవే తగ్గుతాయని చెబితే, మందు రాయని డాక్టరు డాక్టరే కాదన్నట్టు చూస్తారు కొందరు!

మందు తాగిన బిడ్డకు వాంతులై, మూత్రం తగ్గినా ఆగిపోయినా తెల్లవారేదాకా చూడకండి. ఆ సీసా వెంట తీసుకుని ఆస్పత్రికి రండి.