సురయ్యా, సుహైల్‌లను చూశారా?

మన ఇళ్ళలో ఆడపిల్లలకు సురయ్యా అని, మగపిల్లలకు సుహైల్ అని పేర్లు పెట్టుకోవడం తరతరాలుగా ఉన్నదే. ఆ రెండూ నక్షత్రాల పేర్లన్న సంగతి చాలామందికి తెలుసు. కానీ ఆ పేర్లు పెట్టుకున్న పిల్లల్లో ఎందరు వాటిని ఆకాశంలో చూసి ఉంటారు? మేము తెలిసిన నాలుగైదు ఇళ్ళలో అడిగాం. ఒక్కరూ చూడలేదన్నారు. చూడటానికి దుర్భిణి అక్కర్లేదు, ఖర్చు అంతకన్నా లేదు. ఇషా నమాజు తర్వాత డాబా ఎక్కి, వీధిదీపం కంట పడని మూల చూసుకుని ఓ పావుగంట కూర్చుంటే చాలు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఆ మాత్రం సమయం కావాలి.

దిక్కుల కోసం వెతుక్కోవలసిన పని మనకు లేదు. హైదరాబాదు నుంచి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. అటు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు దాదాపు ఉత్తరం. చేయి చాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు 10 డిగ్రీల మేర కప్పుతుంది. ఉత్తరాన నేల అంచు నుంచి రెండు పిడికిళ్ళకు కాస్త తక్కువ ఎత్తులో ధ్రువనక్షత్రం కనిపిస్తుంది. ఏ ఊరి అక్షాంశం ఎంతో అక్కడ ధ్రువం ఎత్తూ దాదాపు అంతే. హైదరాబాదులో 17 డిగ్రీలు.

మొదలుపెట్టడానికి చలికాలాన్ని మించిన కాలం లేదు. జనవరి రాత్రి తొమ్మిది గంటలకు ఆకాశంలో వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. అవి అరబ్బులు జౌజా అని పిలిచిన ఆకారానికి నడుము. దాని కాలి దగ్గరి తెల్లని తార రైజెల్. అరబీలో రిజ్ల్ అంటే పాదమే. భుజాన ఎర్రగా మెరిసేది బీటల్‌జూస్. అసలు పేరు యదుల్ జౌజా, అంటే జౌజా చేయి. లాటిన్‌లోకి ఎక్కించేటప్పుడు ఎవరో 'య' కింది రెండు చుక్కలను ఒకటిగా చదివి 'బ' చేశారు. ఆ పొరపాటే ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది! ఆ మూడు చుక్కల గీతను ఒకవైపు పొడిగిస్తే ఎర్రని అల్‌దబరాన్, దానికి ముందు చిన్న చుక్కల గుత్తి వస్తాయి. ఆ గుత్తే సురయ్యా. పంచాంగంలో కృత్తిక, పల్లెల్లో పిల్లలకోడి. దాని వెనకాలే నడుస్తుంది కాబట్టి అల్‌దబరాన్‌కు 'వెంబడించేది' అని పేరు. అదే గీతను రెండోవైపు పొడిగిస్తే రాత్రి ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్ తగులుతుంది. ఖురాన్‌లోని నజ్మ్ సూరాలో షిఅరా పేరుతో ప్రస్తావించినది దీన్నే.

మరి సుహైల్? ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిదింటికి నేరుగా దక్షిణానికి తిరిగి, రెండు పిడికిళ్ళ ఎత్తున చూడండి. కాంతిలో సిరియస్ తర్వాత స్థానం దానిదే. మన పొరుగువారు అగస్త్యుడంటారు. అరేబియాలో ఆగస్టు చివర అది తెల్లవారుజామున తొంగిచూస్తే ఎండలు తగ్గుముఖం పట్టినట్టే. లండన్‌లో ఉన్న మన పిల్లలకు మాత్రం ఇది ఎన్నడూ కనిపించదు. అంత ఉత్తరాన అది నేల అంచు దాటి పైకే రాదు.

వేసవిలో ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుకు వస్తుంది. అరబ్బులకు అది పాడె, దాని వెంట నడిచే ఆడపిల్లలు. తోక మధ్యనున్న నక్షత్రం పక్కనే మసకగా మరొకటి ఉంది. పూర్వం అరబ్బులు దాన్ని సుహా అని పిలిచి చూపుకు పరీక్షగా పెట్టేవారట. తెలుగు పెళ్ళిళ్ళలో కొత్త దంపతులకు చూపించే అరుంధతి కూడా అదే!

వానాకాలం గురించి చెప్పేదేముంది, మబ్బు విడిచిన రాత్రి దక్షిణాన తేలు ఆకారం చూసుకోవడమే. వానలు వెనక్కి తగ్గాక, నవంబరులో, ఊరికి దూరంగా ఉన్న వారు ఉత్తరాన ఎత్తుగా ఒక మసక మరక కోసం వెతకాలి. ఇస్ఫహాన్‌లో పనిచేసిన అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ 964 ప్రాంతంలో రాసిన నక్షత్ర గ్రంథంలో దాన్ని చిన్న మేఘంగా పేర్కొన్నాడు. అది ఆండ్రోమెడా గెలాక్సీ. అక్కడి వెలుగు మనల్ని చేరడానికి సుమారు 25 లక్షల ఏళ్ళు పడుతుంది. నగరం నడిబొడ్డున మామూలు కంటికి అది ఆనదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పిన హైదరాబాదులో ఇప్పుడు పాలపుంత కూడా కనిపించదంటే బాధగానే ఉంటుంది.

ఈ పరిచయం వల్ల ఒక అక్కర కూడా తీరుతుంది. నెల 29న నెలవంక కోసం పడమటికి చూసేవారు ఏటా తక్కువవుతున్నారు. చూశామన్నవారి మాట మీద వాదనలు మాత్రం తగ్గడం లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త చంద్రుడు సూర్యుడు దిగిన చోటికి దాదాపు నిట్టనిలువుగా పైన, పడవలా వెల్లకిలా ఉంటాడు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎడమకు, అంటే దక్షిణానికి ఒరిగి, కిందుగా ఉండి త్వరగా అస్తమిస్తాడు. ఈ తేడా తెలియక తప్పు చోట చూస్తూ నిలబడేవారు ఎందరో. శుక్రగ్రహాన్ని చూపించి పిల్లలను గెంతించేవారూ లేకపోలేదు.

హిజ్రీ సంవత్సరం ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కనుక రంజాన్ ఆకాశం ఎప్పుడూ ఒకటి కాదు. 2030లో జనవరిలో ఒక రంజాన్, డిసెంబరు ఆఖరులో మరొకటి మొదలవుతాయి. ఆ రాత్రుల్లో తరావీహ్ ముగించుకుని మసీదు మెట్లు దిగేసరికి జౌజా, దానికి ముందు సురయ్యా ఎత్తున ఉంటాయి. సుహైల్ ఇంకా కిందే ఉంటాడు. అతని కోసం మరికాసేపు మేలుకోవాలి.