మేక కొమ్ము ఊదే డ్రమ్మరు

‘వైకింగ్స్’ సీరియల్ చూస్తున్నప్పుడు వెనక నుంచి ఓ బరువైన మగ గొంతు వినిపిస్తుంటుంది. ఎవరిదబ్బా అని ఆరా తీస్తే చాలాసార్లు తేలే పేరు ఐనార్ సెల్విక్. 1979లో పుట్టిన నార్వే గాయకుడు. రెండో సీజన్ నుంచి ఆ సీరియల్ సంగీత దర్శకుడు ట్రెవర్ మోరిస్‌తో కలిసి పనిచేశాడు. పాడటమే కాదు, చేతికి దొరికిన ప్రతిదాన్నీ వాయిస్తాడు.

ఈ పెద్దమనిషి మొదట్లో డ్రమ్మరు. అదీ ఎక్కడ? గోర్గొరోత్ అనే బ్లాక్ మెటల్ బృందంలో. బ్లాక్ మెటల్ అంటే తెలుసుగా, నార్వే కుర్రాళ్లు తొంభైల్లో లోకం మీదికి వదిలిన చెవులు చిల్లులు పడే సంగీతం. అక్కడ ఇతని రంగస్థల నామం క్విత్రాఫ్న్, అంటే తెల్ల కాకోలం.

2003లో సెల్విక్ బృందం వార్డ్రూనా మొదలైంది. తోడుగా గోర్గొరోత్ గాయకుడు గోల్, గాయని లిండి-ఫే హెల్లా. తలపెట్టిన పని చిన్నది కాదు. ప్రాచీన ఉత్తర ఐరోపా వాళ్లు కర్ర మీదా రాయి మీదా చెక్కిన రూన్ లిపిలో పాత వరసకు 24 అక్షరాలు. ఒక్కో అక్షరానికీ ఓ పేరుంటుంది: ఒకటి భూర్జవృక్షం, ఒకటి మంచు, ఒకటి సూర్యుడు. ఒక్కో అక్షరాన్నీ పాటగా మలచాలన్నది సెల్విక్ పంతం. ఆల్బమ్‌కు ఎనిమిది చొప్పున మూడు ఆల్బమ్‌లు. మొదటిది 2009లో వచ్చింది, రెండోది 2013లో, మూడోది 2016లో. మొదలుపెట్టిన పదమూడేళ్లకు గానీ లెక్క పూర్తికాలేదు. మధ్యలో గోల్ తప్పుకున్నాడు.

ఆలస్యానికి కారణం బద్ధకం కాదు. ఏ అక్షరం పాట అయితే ఆ వస్తువు దగ్గరికే వెళ్లి రికార్డు చేయడం ఇతని అలవాటు. భూర్జవృక్షం పాటకు అడవిలోకి వెళ్లి చెట్లనే వాయిద్యాలుగా కొట్టాడు. నీటి పాటకు నీళ్లలో దిగి నిలబడి పాడాడు. నార్వే నీళ్లంటే ఎంత చల్లగా ఉంటాయో ఊహించుకోండి! రాళ్లు, కాగడాలు కూడా పాటల్లో వినిపిస్తాయి. స్టూడియోలో మీట నొక్కితే వచ్చే శబ్దాల కోసం ఇంత అవస్థ ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. ఒకసారి విన్నాక నాకైతే అడగాలనిపించలేదు.

వాయిద్యాల సంగతికొస్తే, టాగెల్‌హార్పా చూసి తీరాల్సిందే. దీని తీగలు గుర్రపు వెంట్రుకలతో పేనినవి, కమానుకు కట్టేదీ గుర్రపు వెంట్రుకలే. వయొలిన్‌లా తీగను పలక మీద వేలితో అదిమిపెట్టరు. తీగ పక్కగా వేలి వెనకభాగాన్ని ఆనించి స్వరం మారుస్తారు. అందుకే ఆ గరగర. ఇంకొకటి మేక కొమ్ము. పక్కన రంధ్రాలు తొలిచి, వేళ్లతో మూస్తూ తెరుస్తూ ఊదుతారు. వేసవిలో కొండమీది మేతకు పశువుల్ని తోలుకెళ్లిన కాపరులు తోడేళ్లనీ ఎలుగుల్నీ బెదరగొట్టడానికి ఊదిన కొమ్మే ఇది.

మరి ఇవి నిజంగా వైకింగుల పాటలేనా? కానే కాదు. ఆ కాలపు స్వరలిపి ముక్క కూడా మిగల్లేదు. పద్యాలు మిగిలాయి, మట్టిలో కొన్ని వాయిద్యాలు దొరికాయి, బాణీలు మాత్రం పోయాయి. సెల్విక్ కూడా ఈ విషయం దాచడు. పాత సామగ్రితో కొత్త పాట కడుతున్నానంటాడే తప్ప వెయ్యేళ్లనాటిది అచ్చంగా తెచ్చానని కోతలు కోయడు. కొమ్ముల టోపీ పెట్టుకుని వైకింగులమని తిరిగే బాపతుకీ ఇతనికీ తేడా ఇక్కడే.

వార్డ్రూనా మొట్టమొదటి కచేరీ ఎక్కడ జరిగిందనుకున్నారు? ఓస్లోలోని వైకింగ్ ఓడల మ్యూజియంలో, 2009లో. వేదిక వెనక తెర కట్టే పనే లేకపోయింది, గోక్‌స్టాడ్ ఓడే నిలబడి ఉంది. తొమ్మిదో శతాబ్దం చివర కట్టి, ఆనక సమాధి దిబ్బలో పూడ్చిన ఓడ అది. 1880లో తవ్వి తీశారు.

నార్వే రాజ్యాంగం 1814లో ఐడ్స్‌వోల్‌లో రాసుకున్నారు. దాని రెండువందల ఏళ్ల పండక్కి, 2014లో, సంగీతం కట్టమని సెల్విక్‌నూ ఎన్‌స్లేవ్డ్ బృందానికి చెందిన ఇవార్ బ్యోర్న్‌సన్‌నూ పిలిచారు. ఇద్దరూ బ్లాక్ మెటల్ నుంచి వచ్చినవాళ్లే. రాజ్యాంగం పండక్కి మెటల్ కుర్రాళ్లను పిలవడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

2020లో ‘అసాసిన్స్ క్రీడ్ వల్హల్లా’ వీడియో గేమ్‌కూ పాటలు చేశాడు. సీరియల్ చూడనివాళ్ల చెవిలోనూ అలా పడ్డాడు. వార్డ్రూనా 2018 నాటి ‘స్కాల్డ్’ ఆల్బమ్‌లో హంగులేవీ లేవు, ఒక గొంతు, చేతిలో ఒక పాత వాయిద్యం, అంతే. కొత్తగా వినేవాళ్లు అక్కడ మొదలుపెట్టడం మేలు. 2025 జనవరిలో వచ్చిన ‘బిర్నా’ మాత్రం పూర్తిగా ఆడ ఎలుగుబంటి చుట్టూ అల్లింది. అందులో చలికాలపు నిద్ర మీద పావుగంట పైచిలుకు పాటొకటి ఉంది, రింగ్‌టోన్‌కు అస్సలు పనికిరాదు.