పట్టు పురుగుల ఇంట్లోకి పాము వస్తే

సరిహద్దు గ్రామాల పట్టు రైతు సోదర సోదరీమణులకు

చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, శిడ్లఘట్ట, బాగేపల్లి తాలూకాల్లోను, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లోను మల్బరీ సాగు చేసే మన రైతులకు ఊజీ ఈగను ఎలా ఆపాలో, సున్నపుకట్టు రోగం వస్తే ఏమి చేయాలో బాగా తెలుసు. అయితే పంట మీదికి కాక రైతు ప్రాణం మీదికే వచ్చే అపాయం ఒకటుంది. అది పాము. పట్టు పురుగులను మేపే ఇంట్లో పాము కనిపించడం అరుదైన సంగతి కాదు. అది ఎందుకు వస్తుంది, రాకుండా ఏమి చేయాలి, వస్తే ఏమి చేయాలి, కాటు పడితే ఏమి చేయాలి అనే నాలుగు విషయాలు ఈ కరపత్రంలో తెలుసుకుందాం.

2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే సగటున ఏడాదికి 58 వేల మంది. వీరిలో ఎక్కువ మంది పల్లెవాసులే. చనిపోయిన వారిలో సగం మంది 30 నుండి 69 ఏళ్ల లోపు వారు, అంటే ఇంటిని నడిపే వయసులో ఉన్నవారు. మరణాలు జూన్ నుండి సెప్టెంబరు వరకు, వానాకాలంలోనే ఎక్కువ. ఇందులో చాలా భాగం సకాలంలో వైద్యం అందితే ఆపగలిగినవే.

పాము మన షెడ్డుకే ఎందుకు వస్తుంది?

పాముకు పట్టు పురుగుతో పని లేదు, ఆకుతోనూ పని లేదు. దానికి కావలసినవి మూడు: తిండి, చల్లదనం, దాగే చోటు. ఈ మూడూ మనమే సమకూరుస్తున్నాం.

పట్టు పురుగుల కోసం, గూళ్లలోని ప్యూపాల కోసం ఎలుకలు వస్తాయి. దీపం వెలుగుకు వచ్చే పురుగుల కోసం బల్లులు, కప్పలు వస్తాయి. వీటి కోసం పాము వస్తుంది. ఎలుక తవ్విన కన్నమే పాముకు దారి, ఇల్లు కూడా.

ఇక చల్లదనం. ఆకు వాడకుండా ఆకు గదిలో తడి గోనె పట్టాలు కప్పి ఉంచుతాం. ఎండాకాలంలో షెడ్డు చల్లబడటానికి నీళ్లు చల్లుతాం. బయట నేల కాగిపోతున్నప్పుడు పాముకు ఆ గదే హాయిగా ఉంటుంది. వానాకాలంలో కన్నాల్లోకి నీరు చేరితే పొడిగా ఉండే చోటు వెతుక్కుంటూ మళ్లీ మన షెడ్డుకే వస్తుంది.

దాగే చోట్లకు కొదవ లేదు. గోడకు ఆనించిన చంద్రికలు, మూలన పడేసిన పాత తట్టలు, చుట్టిపెట్టిన నైలాన్ వలలు, మేత మిగిలిన మల్బరీ పుల్లల కుప్ప, షెడ్డు వెనుక పేర్చిన కట్టెల మోపులు, ఇవన్నీ పాముకు ఇళ్లే.

తెలుసుకోవలసిన నాలుగు పాములు

మన ప్రాంతంలో కనిపించే పాముల్లో చాలా వాటికి విషం లేదు. జెర్రిపోతు, నీరుకట్టె అటువంటివే. జెర్రిపోతు ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది. మన ప్రాంతంలో ప్రాణాలు తీసేవి ముఖ్యంగా ఈ నాలుగు. పొరుగు రాష్ట్రపు ఆసుపత్రిలో చెప్పవలసి రావచ్చు కనుక తమిళం, కన్నడం పేర్లు కూడా ఇస్తున్నాం.

1. నాగుపాము. కన్నడంలో నాగరహావు, తమిళంలో నల్ల పాంబు. పడగ విప్పుతుంది. కాటు చోట నొప్పి, వాపు ఉంటాయి. తర్వాత కనురెప్పలు వాలిపోయి, మాట తడబడి, ఊపిరి ఆడదు.

2. కట్లపాము. కన్నడంలో కట్టు హావు, తమిళంలో కట్టు విరియన్. నల్లని ఒంటి మీద సన్నని తెల్ల కట్లు ఉంటాయి. రాత్రి పూట తిరుగుతుంది. పట్టు రైతుకు అన్నిటికంటె ప్రమాదకరమైనది ఇదే. కారణం కింద వివరించాం.

3. రక్తపింజరి. కన్నడంలో కొళకు మండల, తమిళంలో కణ్ణాడి విరియన్. లావైన ఒళ్లు, గొలుసు వంటి మచ్చలు. కుక్కర్ ఆవిరి వదిలినట్లు గట్టిగా బుసకొడుతుంది. ఆకుల కుప్పల్లో కదలక పడి ఉంటుంది. దీని కాటుకు విపరీతమైన వాపు వస్తుంది. రక్తం గడ్డకట్టే గుణం పోయి చిగుళ్ల నుండి, మూత్రంలో రక్తం పడుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి.

4. చిన్న పింజరి. తమిళంలో చురుట్టై విరియన్. రాళ్ల గుట్టలు, మెట్ట నేలల్లో ఉంటుంది. జానెడు, మూరెడు పాము అని తేలికగా తీసుకోరాదు. ఇది కూడా రక్తాన్ని గడ్డకట్టనివ్వదు.

విషం లేని కొన్ని పాములు కట్లపాములాగే కనిపిస్తాయి. అందుచేత "ఇది మంచి పామే" అని మనకు మనమే తీర్పు చెప్పుకోకూడదు.

రాత్రి మేత, నేల మీద పడక

ఐదవ దశలో పురుగులు మేసినంత ఆకు మిగతా దశలన్నీ కలిపినా మేయవు. ఆ వారం రోజులూ రైతుకు నిద్ర ఉండదు. రాత్రి మేత వేసి, ఇంటికి వెళ్లే ఓపిక లేక, స్టాండు పక్కనే చాప పరచుకుని పడుకోవడం మన అలవాటు. కట్లపాము తిరిగేది సరిగ్గా ఆ వేళలోనే.

కట్లపాము కోరలు సన్నం. కాటు చోట నొప్పి, వాపు ఉండకపోవచ్చు. నిద్రలో ఉన్నవారికి చీమ కుట్టినట్లు కూడా తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపు నొప్పి, వాంతులు అని లేస్తారు. ఇంటివారు అజీర్తి అనుకుని వాము నీళ్లు ఇస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, ఊపిరి బరువవుతుంది. అప్పుడు ఆసుపత్రికి బయలుదేరితే చాలా ఆలస్యమైపోతుంది.

కాబట్టి ఈ మాట ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారి కారణం లేకుండా కడుపు నొప్పితో లేచి, కనురెప్పలు ఎత్తలేకపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, కాటు గుర్తు కనిపించకపోయినా, పాముకాటుగానే అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

దీనికి నివారణ ఖర్చుతో కూడినది కాదు. షెడ్డులో ఒక మంచం వేసుకోండి. దోమతెర కట్టి దాని అంచులను పరుపు కిందికి నాలుగు వైపులా దోపండి. నేపాల్ తరాయి గ్రామాల్లో జరిపిన పరిశీలనలో దోమతెరలో పడుకునే వారికి రాత్రి పాముకాట్లు తక్కువని తేలింది. దుప్పటి నేలకు వేలాడకుండా చూసుకోండి.

పాము రాకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

- ఎలుకలను అదుపు చేయండి. బోనులు వాడండి. పురుగులున్న చోట మందు పెట్టవద్దు. కన్నాలను రాళ్లు, సిమెంటుతో పూడ్చండి.
- తలుపు కింద సందు లేకుండా రబ్బరు పట్టీ గాని చెక్క గాని కొట్టండి. చిటికెన వేలు పట్టే సందులో చిన్న పాము దూరగలదు. గాలి కిటికీలకు, నీరు పోయే తూములకు సన్నకన్ను ఇనుప జాలీ బిగించండి.
- ఊజీ ఈగకు కట్టిన నైలాన్ వల అంచులను నేల మీద కుప్పగా వదలకండి. పాము అందులో చిక్కుకుంటుంది. విడిపించబోయిన చేతికి కాటు పడుతుంది.
- పుల్లలు, చెత్త షెడ్డుకు దూరంగా కంపోస్టు గుంటలో వేయండి. ఆ వెచ్చని కుప్పలో పాములు గుడ్లు పెట్టవచ్చు. ఎరువు తీసేటప్పుడు చేతులు పెట్టక పార, పంజా వాడండి.
- షెడ్డు చుట్టూ గడ్డి, పొదలు తీసివేయండి. గోడను తాకే కొమ్మలు కొట్టండి. కట్టెలను గోడకు దూరంగా, నేలకు ఎత్తుగా పేర్చండి.
- తడి గోనె పట్టా ఎత్తేముందు, ఆకు మోపు విప్పేముందు కర్రతో తట్టండి. చంద్రికలను గోడకు ఆనించక, ఎత్తులో వేలాడదీయండి.
- తెల్లవారుజామున, సాయంత్రం ఆకు కోయబోయేటప్పుడు మోకాలి దాకా బూట్లు వేసుకోండి. రాత్రి మేతకు పోయేటప్పుడు చేతిలో టార్చి లేకుండా అడుగు పెట్టవద్దు.

పనికిరాని ఉపాయాలు, పంటకు చేటు

సున్నం గీత, బ్లీచింగు పొడి, వెల్లుల్లి రసం, ఫినాయిలు పాముకు అడ్డుగోడ అని పలువురు నమ్ముతారు. సున్నం, బ్లీచింగు రోగ నివారణకు మంచివే. కాని పామును ఆపుతాయని వాటిని నమ్ముకోరాదు. ఈ ధీమాతో కన్నాలు పూడ్చకుండా వదిలేయడమే అసలు ప్రమాదం.

ఇంతకంటె పెద్ద పొరపాటు, పామును వెళ్లగొట్టాలని షెడ్డులో పురుగుమందు కొట్టడం, పొగాకు గాని గంధకం గాని పొగ వేయడం. పట్టు పురుగు చాలా సున్నితమైనది. పురుగుమందు వాసన, పొగాకు విషం దానికి ప్రాణాంతకం. పాము కన్నంలో క్షేమంగా ఉంటుంది. తట్టల్లోని పంట మాత్రం పోతుంది.

పాము కనిపించినప్పుడు

1. పిల్లలను, పశువులను బయటికి పంపండి. కుక్కను కట్టివేయండి.
2. మూడు, నాలుగు బారల దూరంలో నిలబడి పాము ఎక్కడుందో చూస్తూ ఉండండి. కన్ను తప్పితే అది ఎక్కడ దూరిందో తెలియదు.
3. ఇంటి లోపలి గదుల తలుపులు మూసి, సందుల్లో గోనె పట్టాలు దోపండి. బయటికి పోయే ఒక్క తలుపు తెరిచి ఉంచండి. అలజడి లేకపోతే చాలాసార్లు పాము తానే వెళ్లిపోతుంది.
4. వెళ్లకపోతే అటవీ శాఖ వారికి గాని, శిక్షణ పొందిన పాములు పట్టేవారికి గాని కబురు చేయండి.
5. కర్రతో కొట్టడానికి, తోక పట్టి లాగడానికి ప్రయత్నించవద్దు. అలా చేయబోయి కాటు తిన్నవారు ఎందరో. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా పాములకు రక్షణ ఇస్తుంది.

పాము స్టాండ్ల మధ్య ఉంటే మేత వేయడానికి లోపలికి పోవద్దు. ఒక పూట మేత ఆలస్యమైతే పంట పోదు. జ్వరంలో ఉన్న పురుగులకు ఎలాగూ మేత అక్కరలేదు.

కాటు పడితే

చేయవలసినవి: కాటు పడిన సమయం చూసుకోండి. రోగికి ధైర్యం చెప్పి కదలకుండా పడుకోబెట్టండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కాలి పట్టీలు వెంటనే తీసివేయండి, వాపు వస్తే అవి బిగుసుకుంటాయి. ఎముక విరిగినప్పుడు కట్టినట్లు కాలికి గాని చేతికి గాని బద్ద పెట్టి గుడ్డతో వదులుగా కట్టండి. వాంతులవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోను చేయండి. బండి రావడం ఆలస్యమైతే మోటారు సైకిలు మీద రోగిని మధ్యలో కూర్చోబెట్టి, వెనుక ఒకరు పట్టుకుని తీసుకుపోండి. రోగిని నడిపించవద్దు.

చేయకూడనివి: తాడుతో బిగించి కట్టరాదు, రక్తం ఆడక అవయవమే పోవచ్చు. కాటు చోట కోయరాదు, నోటితో పీల్చరాదు, మంచుగడ్డ పెట్టరాదు. పసరు, సారా తాగించరాదు. పామును పట్టి తెచ్చే ప్రయత్నం వద్దు. దూరం నుండి ఫొటో తీయగలిగితే చాలు. లేకున్నా డాక్టరు లక్షణాలను బట్టి వైద్యం చేస్తారు.

మంత్రం వేస్తే బతికారని అంటారే, అని మీరు అడగవచ్చు. కాటు వేసే పాముల్లో అనేకం విషం లేనివి. విషపు పాము కూడా కొన్నిసార్లు విషం ఎక్కించకుండానే కాటు వేస్తుంది. అటువంటివారు మంత్రం లేకపోయినా బతుకుతారు. నిజంగా విషం ఎక్కినవారికి మాత్రం మంత్రగాడి వాకిట గడిపిన ప్రతి నిమిషమూ నష్టమే.

విరుగుడు మందు ఒక్కటే

పై నాలుగు పాముల విషానికీ పనిచేసే విరుగుడు సూది మన దేశంలోనే తయారవుతుంది. ఆ పాముల విషాన్ని కొద్ది కొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును శుద్ధి చేసి ఈ మందు చేస్తారు. ఆ విషాన్ని సేకరించి ఇవ్వడంలో తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుళ పాములవారి సహకార సంఘానిది పెద్ద చేయి. ఈ మందు కొందరికి పడక దద్దుర్లు, ఆయాసం రావచ్చు. కనుక ఆసుపత్రిలోనే ఎక్కించాలి. ఊపిరి ఆగిపోయే స్థితి వస్తే శ్వాస యంత్రం కూడా అవసరమవుతుంది. పింజరి కాటు అనుమానం ఉంటే కొద్దిగా రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూస్తారు. బాగానే ఉన్నట్లు కనిపించినా కనీసం ఒక రోజు పరీక్షలో ఉండాలి.

కర్ణాటక ప్రభుత్వం 2024లో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయవలసిన జబ్బుగా ప్రకటించింది. తమిళనాడు కూడా అదే ఏడాది ఆ పని చేసింది.

సరిహద్దు రైతులకు ప్రత్యేక సూచన

మన ఊళ్లలో దగ్గరి ఆసుపత్రి ఒక్కొక్కసారి పొరుగు రాష్ట్రంలో ఉంటుంది. "మన రాష్ట్రం ఆసుపత్రికే పోదాం" అని దూరం పోవద్దు. పాము విషానికి సరిహద్దు లేదు. ఈ వానాకాలం ముందే మీ చుట్టుపక్కల ఏ ఆసుపత్రిలో విరుగుడు మందు రాత్రింబగళ్లు దొరుకుతుందో, ఎక్కడ శ్వాస యంత్రం ఉందో విచారించి, ఆ పేర్లు, ఫోను నంబర్లు షెడ్డు తలుపు మీద సుద్దతో రాసి పెట్టండి. 108కి ఫోను చేసినప్పుడు ఊరి పేరుతో పాటు తాలూకా, జిల్లా, రాష్ట్రం పేరు కూడా చెప్పండి. సరిహద్దులో ఫోను పక్క రాష్ట్రానికి పోవడం కద్దు.

చివరిగా ఒక మాట. చాకీ పురుగులు ఇంటికి తెచ్చే ముందు షెడ్డు కడిగి, మందు చల్లి శుభ్రం చేసుకుంటాం కదా. ఆ రోజే కన్నాలు పూడ్చి, మంచం, దోమతెర, టార్చి కూడా సిద్ధం చేసుకోండి. ఒక పంట పోతే రెండు నెలల్లో మరో పంట తీయవచ్చు. మేపే మనిషి పోతే ఆ ఇంటికి మరో మనిషి రాడు.