పీడీ యాక్ట్: చేయబోయే నేరానికి ముందే జైలు

రేప్ కేసులో బెయిల్ తెచ్చుకుని మణుగూరు వచ్చినవాణ్ని పోలీసులు మళ్లీ పట్టుకెళ్లొచ్చా? ఒక్కోసారి పట్టుకెళ్లొచ్చు. 1986 నాటి పీడీ యాక్ట్ లిస్టులో గూండాలు, భూకబ్జాదారులతో పాటు లైంగిక నేరస్తులూ ఉన్నారు. బయట ఉంటే మళ్లీ చేస్తాడు, జనం భయంతో ఉంటారు అనిపిస్తే కలెక్టర్ ఆర్డర్ ఇస్తారు. గరిష్ఠంగా 12 నెలలు.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 1990లో ఇలాంటిదే తెచ్చింది. అక్కడ శిక్ష ముగిశాక కూడా ట్రీట్‌మెంట్ సెంటర్లో ఉంచుతారు, గడువు లేదు. కానీ ముందు సైకాలజిస్టు చూడాలి. వయసెంత, పాత కేసులెన్ని, బాధితులు ముక్కూమొహం తెలియనివాళ్లా అని స్టాటిక్-99 లాంటి ఫారంలో మార్కులేస్తారు. ఆ తర్వాత కోర్టులో విచారణ, లాయర్ కూడా ఉంటాడు.

మన దగ్గర డాక్టర్ మాటే లేదు, పాత ఎఫ్ఐఆర్‌లే ఆధారం. మూడు వారాల్లో అడ్వైజరీ బోర్డుకు పంపాలి, అక్కడ లాయర్‌ను పెట్టుకునే హక్కు లేదు. అందుకే ఇంటివాళ్లు హైకోర్టుకు పోతారు. తెలంగాణలో ఈ చట్టం వాడే తీరును సుప్రీంకోర్టు 2023 సెప్టెంబర్‌లో అమీనా బేగం కేసులో గట్టిగానే తప్పుపట్టింది, గూండా అని లోపలేసిన ఆమె భర్త డిటెన్షన్‌ను కొట్టేసింది.

అలాగని బాధితురాలి ఇంటికి దీంతో ధీమా వస్తుందా అంటే అదీ లేదు. ఏడాదికి వాడు ఏ ట్రీట్‌మెంట్ లేకుండా బయటకొస్తాడు. వాళ్లకు అసలు పనికొచ్చేది బెయిల్ వాయిదా. 16 ఏళ్ల లోపు అమ్మాయి రేప్ కేసైతే ఆ రోజు ఫిర్యాదుదారు కోర్టులో ఉండాలని చట్టమే చెబుతోంది.